వెళ్లొద్దన్న ఇల్లు

అయినా మా ఆయన మనసు ఈ ఫోనుకెలా తెలుసు, అనుకుంది సుగుణ. మధ్యంతర ఎన్నికలు ఎల్లుండే. ఏ ఇంటివాళ్లు మనసు మార్చుకుంటారో ఫోన్లోని పార్టీ యాపే చెబుతుంది. ప్రతిపక్షం కార్యకర్తగా ఆమె ఆ గుమ్మాలే ఎక్కుతుంది. ఈసారి పార్టీ బాగా పుంజుకుంది, యాప్ లెక్కలో వార్డు గెలవడానికి నాలుగు ఓట్లే తక్కువ. ఆమె సొంతింటి మీద మాత్రం పదేళ్లుగా ఒకటే మాట: "మారరు, వెళ్లొద్దు."

"వీధంతా బొట్టుపెట్టి మరీ అడిగొచ్చావట," అన్నాడు భర్త శేషగిరి, వంటింట్లో బెండకాయలు తరుగుతూ. "నన్నూ ఓ మాట అడగొచ్చుగా."

"అడిగితే వేస్తారేంటి?"

"ఏమో. ఇన్నేళ్లలో ఒక్కసారైనా అడిగావా?"

సుగుణకి నవ్వొచ్చింది, కాస్త సిగ్గూ వేసింది. పార్టీ కండువా కప్పుకుని, కరపత్రం పట్టుకుని బయటికెళ్లి, తలుపు దగ్గరికి లాగి, తన ఇంటి కాలింగ్ బెల్ నొక్కింది.