మగ్గం గుంతలో కుంపటి

ధనుర్మాసం వస్తే మదనపల్లె చలికి మా మగ్గం కొట్టంలో నేల మంచుగడ్డ మాదిరి అవుతుంది. కాళ్లు మొద్దుబారి నాయన మగ్గం మానుకున్నప్పటి నుంచి మా కూడు తమ్ముడు చౌడప్ప కాళ్ల మీదనే నడుస్తాండాది. అందుకే రోజూ తెల్లారగానే బొగ్గుల కుంపటి రాజేసి, మగ్గం గుంతలో వాడి పాదాల పక్కన పెడతాను.

"నన్ను కాల్చుకుని తింటావా ఏందిక్కా?" అని నవ్వుతాడు.

మొన్న వాడి పాదం మీద బొబ్బ చూసి అడిగితే, "కొత్త చెప్పు కరిసిందిలే" అన్నాడు.

ఈ పొద్దు నిప్పు సరిగా రాజుకోకముందే కుంపటి పెట్టి, చౌడమ్మ తల్లికి దీపం ముట్టించి వచ్చేసరికి గంట దాటింది. గుంతలోకి వంగి చూస్తే బొగ్గులు అంటుకోనే లేదు. కుంపటి చల్లగా ఉంది. పాపం, ఇంతసేపూ ఎట్ల ఓర్చుకున్నాడో అనుకున్నాను.

వాడు నాడెను పోగుల మధ్య అటూ ఇటూ ఆడిస్తా, నేత మీద నుంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"ఈ పొద్దు కాక బాగుండాదక్కా. కాళ్లకు హాయిగా ఉండాది."

చెయ్యి చాచి, వాడి పాదం మీది బొబ్బను వేలితో గట్టిగా అదిమినాను.

నాడె ఆగలేదు.