పై మూలన ఒక చుక్క

"ఆ చుక్క ఏమిటమ్మా?"

బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు ఈ మాట అడగడం మూడోసారి. మొదటిసారి పరిశోధకురాలు ఏదో చెప్పి తర్వాతి బొమ్మకు వెళ్లిపోయింది. రెండోసారి మంచినీళ్లు తాగింది. ఈసారి ఆయన గ్రాఫును వెనక్కి తెప్పించి, లేజర్ లైటు ఎర్ర వెలుగును తెర మీద కుడివైపు పై మూలన నిలిపి, కదలకుండా కూర్చున్నాడు.

ఈ పెద్దమనిషి సంతకం పెడితే ఆమె పేరు ముందు డాక్టరు వస్తుంది. పెట్టకపోతే ఆరేళ్ల చాకిరీ మళ్లీ మొదటికొస్తుంది, చేతిదాకా వచ్చిన ఉద్యోగం జారిపోతుంది. ఆ సంగతి చివరి వరుసలో కొడుకు పక్కన కూర్చున్న అత్తగారికి కూడా తెలుసు. కోడలు ఇన్నేళ్లూ ఏం వెలగబెట్టిందో చూద్దామని ఆవిడ పనిగట్టుకుని వచ్చింది.

కోడలు బాగానే వెలగబెట్టింది. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ గడ్డ పెరగాలంటే దానికి కొవ్వు కావాలి. ఆ కొవ్వును తయారుచేసే, దాచే, కరిగించే పని కొన్ని జన్యువులది. ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్కలో ఆ జన్యువులు ఎంత జోరుగా పనిచేస్తున్నాయో కొలిచి, ఒక్కో రోగికి ఒక్కో స్కోరు ఇచ్చింది. స్కోరు పెరిగేకొద్దీ ఆయుష్షు తగ్గాలి. గ్రాఫులో మనిషికో చుక్క, అడ్డంగా స్కోరు, నిలువుగా ఆపరేషన్ తర్వాత బతికిన ఏళ్లు. స్కోరు ఎక్కువున్న వాళ్ల చుక్కలన్నీ బుద్ధిగా కిందికి దిగాయి, ఒక్కటి తప్ప. అదొక్కటీ అందరికంటే ఎక్కువ స్కోరు పెట్టుకుని, అందరికంటే పైన, తొమ్మిదేళ్లుగా దర్జాగా కూర్చుంది.

ఆమె గైడుకు ఆ చుక్క కంట్లో నలుసు. దాన్ని తీసిపారెయ్యమని నెల రోజులుగా ఆమెను కాల్చుకు తింటున్నాడు. ఆమె ససేమిరా అంది. పొద్దున కూడా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది.

"ఎవరాయన?" పరీక్షకుడు వదిలిపెట్టలేదు.

ఆసుపత్రి వాళ్లు పేర్లు ఇవ్వరని ఆమె చెప్పింది. ఆపరేషన్ నాటికి యాభై రెండేళ్లు, కుడి ఊపిరితిత్తిలో పై భాగం తీసేశారు, సిగరెట్ అలవాటు లేదు, తనకు తెలిసింది అంతేనంది. పోయినేడు వచ్చిన సమాచారంలో కూడా బతికే ఉన్నాడని ఉందంది. పరీక్షకుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఇక లాభం లేదనుకుని గైడు లేచాడు. అది ఆసుపత్రి గుమస్తా పొరపాటనీ, రోగి పోయిన సంగతి ఎక్కించడం మరిచిపోయి ఉంటాడనీ, ఆ ఒక్కటీ తీసేస్తే గ్రాఫు కడిగిన ముత్యంలా ఉంటుందనీ చెప్పుకొచ్చాడు.

"అంటే ఆయన పోయాడంటారా?"

"ఆ స్కోరుతో రెండేళ్లు దాటడమే గొప్ప సార్. ఎప్పుడో పోయుంటాడు."

"మీరు కనుక్కున్నారా?"

"అక్కర్లేదు సార్. లెక్కే చెబుతోంది కదా."

చివరి వరుసలో అత్తగారు కొడుకు చెవి దగ్గరకు వంగి, ఎవరో మహానుభావుడు బతికుంటే వీళ్లకొచ్చిన నొప్పేమిట్రా అంది. గొణిగాననే ఆవిడ అనుకుంది. హాలంతా వినబడింది.

పరీక్షకుడు నవ్వలేదు. ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా. తీసేస్తావా?"

గైడు ముందు కళ్లతోనే బతిమాలాడు, తర్వాత కళ్లతోనే బెదిరించాడు. ఊఁ అంటే గండం గట్టెక్కుతుంది. ఉద్యోగం, అత్తగారి ముందు పరువు, అన్నీ దక్కుతాయి. ఆ క్షణంలో ఆమెకు నిజంగా భయం వేసింది.

"తియ్యను సార్," అంది. "బతికున్న మనిషిని గ్రాఫు అందం కోసం ఎలా తీసేస్తాం? ఆయన నా లెక్కకు అందలేదు. తప్పు నా లెక్కది, ఆయనది కాదు."

గైడు తల పట్టుకున్నాడు. పరీక్షకుడు కాగితాలు దగ్గరకు లాక్కుని, జేబులోంచి పెన్ను తీసి, నింపాదిగా సంతకం పెట్టాడు. లేచి వచ్చి వాటిని ఆమె చేతికిచ్చాడు. హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. గైడు అందరికంటే గట్టిగా కొడుతూ, అంతా తన శిక్షణేనన్నట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సంతోషం డాక్టరమ్మా," అన్నాడు పరీక్షకుడు. "పోయినవాడి సంతకం చెల్లుతుందో లేదో మాత్రం మీ గైడు గారినొకసారి అడుగు. ఆ చుక్క నేనే."