టేపులో లేని వాక్యం

“వదిలెయ్యమ్మా. ఒక్క వాక్యమేగా, నేను కొట్టేసి పంపించేస్తాను,” అంది పెద్దావిడ, కాగితాలు గుండెకి అదుముకుని. టైపు చేసినవన్నీ సరిచూసి పంపేది ఆవిడే.

“మీరు కొట్టేస్తే నేను తప్పు ఒప్పుకున్నట్టేగా అక్కా,” అంది టైపిస్టు. “టేపులో లేని మాట నేను రాయను. పన్నెండేళ్ళలో ఒక్కటి చూపించండి.”

అది నిజమే. మీటింగుల్లో రికార్డు చేసిన మాటలు విని, పొల్లుపోకుండా టైపు చేసి ఇవ్వడం ఆ ఆఫీసు పని. అందులో ఆమెని మించినవాళ్ళు లేరు. ఎడమ చెవిలో టేపు, కుడి చెవికి ఫోను, వేళ్ళు మాత్రం ఆగవు. కూతురి పరీక్షలకీ, ఆడపడుచు ఫిర్యాదులకీ, మొగుడి ముచ్చట్లకీ సమయానికి ఒక “ఊఁ” పడుతూనే ఉండేది. “నీకు రెండు బుర్రలున్నాయే,” అని భర్త వేళాకోళం చేసేవాడు. అది మెచ్చుకోలే అనుకునేది.

ఆ భర్త పోయి నెలైంది. మధ్యాహ్నం పూట, ఇంట్లో ఒక్కడే ఉన్నప్పుడు పోయాడు. పక్కింటివాళ్ళు తలుపు తట్టేసరికే అంతా అయిపోయింది. దుఃఖం ఒక ఎత్తు, ఆయన మీద కోపం ఒక ఎత్తు.

“అంతకు ముందే ఫోను చేశాడు. మూడు నిమిషాలు మాట్లాడాడు. ఒంట్లో బాగాలేదని ఒక్క ముక్క చెప్పలేదు,” అని డాక్టరుకి చెప్పింది, అత్తగారికి చెప్పింది, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. కూతురు మాత్రం ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

“నాన్న నీకెందుకు చెప్పలేదమ్మా?”

“ఆయన అంతే తల్లీ. అన్నీ కడుపులో దాచుకునే రకం. ఒక్క మాట అంటే పది నిమిషాల్లో ఇంట్లో ఉండేదాన్ని కాదూ?”

నెల తర్వాత ఇవాళే పనిలోకి వచ్చింది. వచ్చీ రాగానే ఈ గొడవ. పంపులు చేసే కంపెనీ వాళ్ళ మీటింగు, సెలవు పెట్టక ముందు ఆమె చేసిన చివరి ఫైలు. మూడో పేజీలో తమవాళ్ళెవరూ అనని వాక్యం ఒకటుందని తిప్పి పంపారు.

“టేపు పెట్టండి. మళ్ళీ టైపు చేస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం,” అంది.

“ఇవాళొద్దులే.”

“ఇవాళే. ఇల్లు ఎలాగూ కూలింది, ఈ పేరైనా మిగలనివ్వండి.”

పాత కాగితం చూడకుండా మళ్ళీ టైపు చెయ్యడం అక్కడి పద్ధతి. చూస్తూ వింటే రాసిందే వినిపిస్తుంది. పెద్దావిడ కాగితాన్ని బల్ల మీద బోర్లించి, దాని మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది.

ఆమె ఫోను ఆపేసి, ఇయర్‌ఫోన్లు రెండు చెవుల్లోనూ పెట్టుకుంది. అలా విని ఎన్నాళ్ళయిందో. కుర్చీలు జరిపిన చప్పుడు, ఎవరిదో దగ్గు. ఒక ముసలి మెకానిక్కు పంపు కారుతోందని నాలుగుసార్లు మొదలుపెట్టాడు. నాలుగుసార్లూ ఎవరో ఒకరు అడ్డు తగిలారు.

“పాపం, ఈయన గోడు ఎవరూ వినలేదక్కా. అప్పుడు నాకు తెలియనే లేదు.”

పెద్దావిడ కాగితం మీద అరచెయ్యి ఇంకాస్త నొక్కిపెట్టింది.

పేజీ పూర్తయింది. పాతదానిలో ఎన్ని లైన్లో పెద్దావిడని అడిగి, ఆమె తన లైన్లు లెక్కపెట్టి తెల్లబోయింది.

“ఒకటి తక్కువొచ్చింది. అంటే వాళ్ళు చెప్పిందే నిజమా? అది నేనెక్కడ విన్నాను? ఏదీ, ఇలా ఇవ్వండి.”

“తప్పు తేలిందిగా. ఇంక చూడటం ఎందుకు? నా మాట విను.”

“ఏం రాశానో నాకు తెలియాలి కదా అక్కా.”

పెద్దావిడ చెయ్యి తీసింది. లేచి గది తలుపు దగ్గరగా వేసి, వచ్చి ఆమె వెనకాల నిలబడి భుజాలు పట్టుకుంది.

మూడో పేజీ మధ్యలో, పంపుకి వాషర్లు ఎన్ని కావాలన్న మాటకీ తర్వాతి మీటింగు తేదీకీ నడుమ, ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంది ఆ వాక్యం.

“గుండెల్లో నొప్పిగా ఉందే, కాస్త వస్తావా?”