పట్టు వదలని బ్రేకు

"కొట్టన్నా, ఇంకొక దెబ్బ గట్టిగా కొట్టు!"

ఓబిలేష్ సీటు మీద కూర్చునే అరిచాడు. వెనక చక్రం పక్కన బోర్లా పడుకున్న ఆటో డ్రైవర్ కుళ్లాయప్ప స్పానరుతో టంగుమని ఒక్కటిచ్చాడు. మూడు చక్రాల మోటారు బండి ఉలిక్కిపడిందే గానీ జానెడు కూడా కదల్లేదు.

"హ్యాండ్ బ్రేకు వైరులోకి మట్టి పోయి బిగుసుకునిందప్పా. పైన లీవరు కిందికి దిగింది గాని, లోపల చక్రాన్ని వదల్లేదు. ఎవురు నిన్ను ఇంత బలంగా పీకమనింది?"

"వాలు కదన్నా! జారిపోతాదని భయమేసి పీకినా."

"బాగా పీకినావు. ఇంగ ఏనుగొచ్చి తోసినా జారదులే."

గోడకు అవతల కాలేజీ గ్రౌండులో మైకు ఏదో గట్టిగా చెబుతోంది. ఈ టంగుటంగుల మధ్య ఒక్క ముక్కా చెవికెక్కడం లేదు. కళ్యాణదుర్గంలో ఆ రోజు దివ్యాంగుల ఆటల పోటీలు. ఓబిలేష్ పేరిచ్చింది ఒక్కదానికే, మోటారు బండ్ల పందెం. ముప్పై రెండేళ్లొచ్చినా అతను ఇంతవరకూ ఏ పందెంలోనూ లేడు. బళ్లో ఆటల పీరియడు వస్తే అందరి చెప్పులకూ కాపలా కూర్చునేవాడు. జీవితంలో ఒక్కసారి ఫస్టు రావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

అతని భార్య మల్లీశ్వరి కొంగు దోపుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏమయ్యా, అందరూ గీత కాడికి పోతాండారు. నీ పేరు రెండుసార్లు పిలిచినారు! ఇంగోసారి పిలిచి కొట్టేస్తారంట."

అప్పుడే చంద్రమోహన్ నల్లద్దాలు పెట్టుకుని, తన బండి మీద అటుగా వెళ్తూ ఆగాడు. మూడేళ్లుగా ఈ పందెం కప్పు అతనిదే.

"ఏమప్పా ఓబిలేషూ, బండికి వైద్యమా? పడుకోబెట్టు పాపం. పందెంలో చప్పట్లు కొట్టేదానికి కూడా మనుషులు కావల్ల కదా!"

ఓబిలేష్ చెవులు ఎర్రబడ్డాయి. "అన్నా, ఇది ఊడేదెప్పుడు?"

"చక్రం ఇప్పల్ల. అర్ధగంట."

"అంతసేపు యాడుండాది! తోయండి. ఇంజను బలంతోనే ఈడ్చుకపోతా."

కుళ్లాయప్ప ఒకపక్క, మల్లీశ్వరి ఒకపక్క భుజాలు ఆనించారు. ఓబిలేష్ యాక్సిలరేటర్ తిప్పాడు. చక్రం మూలిగింది, గీరింది, కదిలింది. ముగ్గురూ చెమటలు కక్కుతూ సున్నపు గీత దాకా వచ్చారు.

"ఇప్పుడా వచ్చేది?" డ్రిల్లు మాస్టారు కసిరాడు. "రూల్సు విన్నావా?"

వినలేదంటే పక్కన నిలబెడతాడేమోనని ఓబిలేష్ గబగబా తలూపాడు. "విన్నా సార్, అంతా విన్నా!"

విజిల్ మోగింది.

ఓబిలేష్ యాక్సిలరేటర్‌ను చివరికంటా తిప్పేశాడు. ఇంజను గుక్కపెట్టి ఏడ్చింది. బండి మాత్రం నేలను కరుచుకుని చీమలా పాకింది. పక్కనున్న ఆరు బండ్లూ అతన్ని దాటి ముందుకు పోయాయి.

"కదులు తల్లీ, కదులు! నీకు కొత్త బ్రేకు లైనర్లు వేయిస్తా, కదులు!"

విచిత్రం! ముందున్న బండ్లు మాయమైపోలేదు. నాలుగు బారల దూరంలోనే కనిపిస్తున్నాయి. వాటిలో ఒకటి ఆగిపోయింది. మాస్టారు విజిల్ వేసి దాన్ని పక్కకు లాగించాడు. కాసేపటికి ఇంకొకటి ఆగింది. వాటికీ ఇదే రోగం తగులుకున్నట్టుంది! ఓబిలేష్‌కు ఆశ పుట్టింది. ఒళ్లంతా ముందుకు వంచి, నడుముతో బండిని తోసినంత పని చేశాడు. వెనక చక్రం నుంచి పొగ లేచింది. మాడిన వాసన ముక్కులు బద్దలు కొడుతోంది.

చంద్రమోహన్ వెనక్కి తిరిగి చూశాడు. మళ్లీ చూశాడు. ఎగతాళి చేస్తున్నాడనుకున్నాడు ఓబిలేష్.

తాడు కట్టిన వైపు జనం గంతులేస్తున్నారు, ఈలలేస్తున్నారు. వాళ్లలోంచి మల్లీశ్వరి తోసుకొచ్చి, రెండు అరచేతులూ కిందికి అదుముతూ ఏదో అరుస్తోంది. ఇంజను హోరులో ఏమీ వినబడలేదు. ఆపేయమంటోందా? నువ్వు కూడానా మల్లీ! పళ్లు బిగించి చూపు తిప్పుకున్నాడు.

ముందున్న బండ్లు ఒక్కొక్కటీ గీత దాటుతున్నాయి. చివరికి చంద్రమోహన్ ఒక్కడే మిగిలాడు, సరిగ్గా ఒక బండి పొడవు ముందు. ఓబిలేష్ ఊపిరి బిగబట్టి, హ్యాండిల్‌ను విరిచేసేంత గట్టిగా పట్టుకున్నాడు. ఒక మూర దగ్గరయ్యాడు. ఇంకో జానెడు. ఇంకొంచెం, ఇంకొంచెం...

చంద్రమోహన్ బండి గీత దాటేసింది. దాని వెనకే ఓబిలేష్ బండి, పొగలు కక్కుతూ, అందరికంటే ఆఖరున.

ఇంజను ఆపి, హ్యాండిల్ మీద తల వాల్చేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరైనా అడిగితే పొగ అని చెప్పొచ్చు. ఇంతలో జనం వచ్చి మీద పడ్డారు. పది చేతులు అతన్ని బండితో సహా పైకెత్తాయి.

"దింపండన్నా, నవ్వింది చాలు!" ఓబిలేష్ గింజుకున్నాడు.

వాళ్లు దింపలేదు. చంద్రమోహన్ గుంపును తప్పించుకుంటూ తన బండిని దగ్గరికి తోలుకొచ్చి, నల్లద్దాలు తీసి, రెండు చేతులూ జోడించాడు.

"మెల్లగా పోయే పందెంలో మూడేండ్లుగా నా ఎనకాల వచ్చినోడు లేడు సామీ. బండి యాడా ఆగకుండా ఇంత నిదానంగా తోలేది ఎవురు నేర్పించినారన్నా నీకు?"