ఎవరి వణుకు?

బుల్డోజరు సందు మొదట్లోకి వచ్చేసింది. దాని వెనకే ఇళ్లు కూల్చే సుత్తుల మూక, లాఠీల పోలీసులు. నవోతాస్ మురికివాడ ఆడాళ్లంతా చేతులు పెనవేసుకుని దారికడ్డంగా నిలబడ్డారు. వరుస మధ్యలో లూజ్. ఆమె రేకుల ఇల్లు వెనకనే ఉంది. పక్కన అన్నెకె, బస్తీ సంఘంలో జీతం లేకుండా పనిచేయడానికి హాలెండు నుంచి వచ్చిన పిల్ల.

అన్నెకెతో పెనవేసిన చేతులు గడగడ వణుకుతున్నాయి. లూజ్‌కి ఒళ్లు మండింది.

“భయమైతే పోవే! నీకు విమానం టిక్కెట్టుంది. మాకీ రేకులు తప్ప ఏం లేవు. నువ్విట్లా వణికితే వాళ్లకింకా ఊపొస్తుంది.”

“నాకూ భయంగానే ఉందక్కా. కానీ వణికేది నేను కాదు, నువ్వు.”

లూజ్ చెయ్యి వదులు చేసి చూసుకుంది. నిజమే. మోచేతి నుంచి వేళ్లదాకా తనదే వణుకు. ఇన్నేళ్లూ “భయపడకండే” అని అందరిమీదా అరిచింది తనే.

బుల్డోజరు గుర్రుమని కదిలింది.

“ఎవరికీ చెప్పకే,” అని గొణిగింది లూజ్.

అటుపక్కనుంచి ముసలి చారింగ్ కసిరింది. “చెప్పేదేముందే? వీళ్లు కూల్చడానికొచ్చిన ప్రతిసారీ నీ వణుకు నా చేతిదాకా వస్తూనే ఉంది. అయినా నీ పక్కనే నిలబడుతున్నాగా! పట్టుకో, గట్టిగా పట్టుకో!”