కల్నల్‌గారి ట్రక్కు

“ఆ తుప్పు తలుపు పీకి అవతల పారెయ్. జల్లెడలా ఉంది వెధవది,” అన్నాడు కల్నల్, షెడ్డులో కుర్చీ వేసుకు కూర్చుని.

బావమరిది స్పానర్ పక్కన పెట్టాడు. “లోపలివైపు ఏవో గీతలున్నాయి బావగారూ. అయిదేసి చొప్పున కట్టలు కట్టినట్టు గీశారు. ఒకసారి చూడకూడదూ?”

“ఎవడో పనిలేనివాడు మేకుతో గీకి ఉంటాడు. నువ్వూ వాడూ ఒకే బాపతు. చెప్పింది చెయ్.”

“అయితే నేను తీసుకోనా? మా కోళ్లగూటికి తలుపు లేదు.”

“తీసుకెళ్లు. నీ మొహానికి అదే ఎక్కువ.”

కల్నల్ అన్నది వీధి పెట్టిన పేరు. ముప్పయ్యేళ్లు బీమా ఆఫీసులో ఫైళ్ల దుమ్ము దులపడమే తప్ప ఆయన ఏ యుద్ధమూ ఎరగడు. వెటకారానికి పెట్టిన పేరుని బిరుదనుకుని మీసాలు పెంచాడు. ఇటుకల బట్టీ వెనక ముళ్లపొదల్లో ఈ పాత మిలటరీ ట్రక్కు కనబడ్డాక ఇక పట్టపగ్గాల్లేవు. యుద్ధంలో కూలిపోతున్న వంతెన మీంచి గాయపడ్డ సైనికుల్ని దాటించిన ట్రక్కు ఇదేనని తేల్చేశాడు. ఎలా తేల్చారని అడిగితే, లైట్ల కింద మూడేసి బోల్టులు, ముందు జాలీకి తొమ్మిది పలకలు అంటూ వేళ్లు మడిచేవాడు. అలాంటివి వందలకొద్దీ తయారయ్యాయన్న సంగతి మాత్రం ఆ వేళ్లకి అందలేదు.

మ్యూజియం వాళ్లు ఒప్పుకుంటే ట్రక్కుని హాలు మధ్యలో నిలబెడతారు. దాని కింద తన పేరుండాలి. అందుకని ఇత్తడి పలక ముందే చెక్కించి రోజూ తుడుచుకుంటున్నాడు.

ఆరు నెలలు చాకిరీ చేసింది బావమరిది. కల్నల్ చేసిందల్లా కుర్చీలోంచి పురమాయించడం.

“ఇంజనూ మార్చెయ్. కొత్త రేకులు, కొత్త తలుపులు, కొత్త రంగు! ఇవాళే ఫ్యాక్టరీలోంచి దిగినట్టుండాలి.”

“అన్నీ కొత్తవైతే ఇంక అందులో పాతది ఏం మిగుల్తుందండీ?” అంది భార్య.

“నీకేం తెలుసు? లోపలికెళ్లి పని చూసుకో.”

మిగతా పాత సామానంతా తూకానికి పోయింది.

మ్యూజియం అధికారిణి వచ్చిన రోజు వీధి వీధంతా షెడ్డు ముందు గుమిగూడింది. కల్నల్ ఖాకీ చొక్కా తొడుక్కుని అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఆవిడ వంగి ఛాసిస్ నంబరు చూసి పెదవి విరిచింది.

“ఆ రోజుల్లో నంబర్లు మార్చేసేవాళ్లు. దీన్నిబట్టి ఏమీ చెప్పలేం.”

“బోల్టులు చూడండి మేడమ్! పలకలు లెక్కపెట్టండి!”

“అవి ఈ రకం ట్రక్కులన్నిటికీ ఉంటాయండీ.”

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. కల్నల్ బావమరిది మీద విరుచుకుపడ్డాడు. “రంగు సరిగ్గా వెయ్యమంటే వినవు కదా, దద్దమ్మా!”

ఆవిడ డ్రైవరు తలుపు తెరిచింది. అద్దంలా మెరుస్తున్న లోపలి రేకుని అరచేత్తో తడిమి, సంచీలోంచి ఒక కాగితం తీసింది.

“ఆ ట్రక్కు డ్రైవరు వాళ్లమ్మకి రాసిన ఉత్తరం ఇది. వంతెన దాటించిన ఒక్కో ప్రాణానికీ ఒక్కో గీత, తలుపు లోపల మేకుతో గీసుకున్నాట్ట. నలభై మూడు. దీని పాత తలుపు ఏమైంది?”

కల్నల్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. జీవితంలో మొదటిసారి బావమరిదిని “బాబూ” అని పిలిచాడు.

బావమరిది ఆవిణ్ణి తన పెరట్లోకి తీసుకెళ్లాడు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, కోళ్లని అదిలించి, గీతల్ని ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెడుతుంటే కళ్లు చెమర్చాయి. ఇత్తడి పలక చంకన పెట్టుకుని కల్నల్ పరుగున వచ్చాడు.

“చూశారా, నేను చెప్పలా! ట్రక్కు ఎప్పుడు తీసుకెళ్తారు?”

ఆవిడ లేచి మట్టి దులుపుకుంది.

“ట్రక్కు మీరే ఉంచుకోండి, మాకు ఈ కోళ్లగూడు చాలు.”