ఒకటి కన్నా కాస్త ఎక్కువ

"ఎవరమ్మా మీరు? ముందా కత్తెర పక్కన పెట్టండి!"

లాంచీ నడిపే సరంగు ఒక్క దూకులో రేవు మీదికి వచ్చాడు.

అప్పటికే ఆ పెద్దావిడ ఒక లైఫ్ జాకెట్ కుట్లు విప్పేసింది. లోపలి స్పాంజి ముక్కను బకెట్ నీళ్లలో ముంచి పిసుకుతోంది.

"ఒక్క నిమిషం బాబూ."

తడి ముక్కను చిన్న త్రాసులో పెట్టింది. నూట రెండు గ్రాములు.

తర్వాత గీతలున్న గాజు జాడీలో ముంచింది. నీళ్లు వంద మిల్లీలీటర్లు పైకి లేచాయి.

"చూశావా? బరువుని అది ఆక్రమించిన చోటుతో భాగిస్తే సాంద్రత. ఒకటి కన్నా కాస్త ఎక్కువొచ్చింది."

"అయితే?"

"నీటిది ఒకటి. అంతకన్నా తక్కువైతే తేలుతుంది, ఎక్కువైతే మునుగుతుంది. పొడిగా ఉంటే ఇది దూదిపింజే. నానిందా, మనిషిని నిలబెట్టదు."

లాంచీలో జనం విసుక్కుంటున్నారు. సరంగుకి ఒళ్లు మండిపోయింది.

"లెక్కలు బళ్లో చెప్పుకోండి. ఇక్కడ నా గిరాకీ చెడగొట్టకండి!"

"మీ వాళ్లెవరైనా ఇందులో వెళ్తారా?"

"మా అమ్మాయి రోజూ కాలేజీకి ఇందులోనే వెళ్తుంది. మీకెందుకు?"

ఆవిడ ముఖం పాలిపోయింది. సామాను సంచిలో సర్దుకుంది.

"ఇవి ఎవరికీ ఇవ్వకు బాబూ. కొత్తవి పంపిస్తాను."

"పెద్ద చెప్పొచ్చారు! వెళ్లండి, వెళ్లండి."

ఆవిడ గోడ పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కి వెళ్లిపోయింది.

నది మధ్యలోకి వచ్చాక సరంగుకి కూతురి ముఖమే కళ్లల్లో మెదిలింది.

తిరిగి ఈ ఒడ్డుకి రాగానే ఒక జాకెట్‌కి తాడు కట్టి నీళ్లలో వేశాడు.

తేలింది.

"హమ్మయ్య! ముసలావిడ ఊరికే హడలగొట్టింది," అనుకుని టీ తాగడానికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి జాకెట్ లేదు. తాడు బిగుసుకుని, నిట్టనిలువుగా నీళ్లలోకి దిగి ఉంది.

పరుగున రోడ్డెక్కాడు. ఆవిడ జాడ లేదు.

ఆ పూటే లాంచీ కట్టేశాడు.

ఆ వారంలోనే వ్యాన్ నిండా కొత్త జాకెట్లు దిగాయి. సరంగు ఒకటి తీసి పొద్దంతా నానబెట్టాడు. ఎంత నొక్కినా పైకే వచ్చింది.

"ఆ ఇన్‌స్పెక్టరమ్మకి నా దండాలు చెప్పన్నా. నోటికొచ్చినట్టు మాట్లాడాను. ఓసారి రమ్మను, కాళ్లు పట్టుకుంటాను."

డ్రైవర్ పాత జాకెట్లను వ్యాన్‌లోకి విసురుతున్నాడు.

"ఇక రారన్నా. ఇంకా చాలా రేవులున్నాయి. అయినా ఇన్‌స్పెక్టరేంటి? ఆవిణ్ణి ఎవరూ పంపలేదు, ఎవరూ అడగలేదు. కంపెనీ మూసేసి, ఉన్నదంతా ఊడ్చి, ఈ కొత్తవి కుట్టిస్తున్నారు."

చేతిలోని పాత జాకెట్‌ని ఓసారి తిప్పి చూశాడు.

"వీటిని తయారుచేసింది ఆవిడే."